ఉమ్మడి తీగ

మా ఇంటికి టెలిఫోను మా నాన్నగారి ఓర్పువల్ల వచ్చింది. ఆ రోజుల్లో టెలిఫోను కావాలంటే దరఖాస్తు పెట్టుకుని ఏళ్ల తరబడి కాచుకోవలసి వచ్చేది. ఆయన 1984లో దరఖాస్తు పెడితే 1990లో మా ఇంట గంట మోగింది. మొదట ముందుగదిలో ఒకటి. ఆయనకు మోకాళ్లనొప్పులు వచ్చాక పడకగదిలో రెండోది. మా అన్నయ్య పరీక్షల పేరు చెప్పి మేడమీద మూడోది. ఫోన్లు మూడైనా తీగ ఒకటే. వీధిగుమ్మం మీదుగా వచ్చిన తీగను ఎక్కడికక్కడ గిల్లి, కొత్తతీగను దానికి మెలిపెట్టి, పైన నల్లటేపు చుట్టారు. మాట వినబడుతోంది కదా, అంతకంటె ఏం కావాలి?

2009 నాటికి నాన్నగారు పోయి మూడేళ్లయింది. అన్నయ్య అమెరికాలో స్థిరపడ్డాడు. మేడమీది ఫోను తీసేశాం గాని దాని తీగ మాత్రం గోడ వెంబడి వేళ్లాడుతూనే ఉండేది. ఆ ఏడే మనవణ్ణి అమ్మకు చూపించవచ్చునన్న ఆశతో, అదే టెలిఫోను తీగ మీద బ్రాడ్‌బాండు పెట్టించాను. సెకనుకు 256 కిలోబిట్లు వస్తే బ్రాడ్‌బాండు అనవచ్చునని 2004లో ప్రభుత్వం నిర్ణయించింది. మాకు అదీ నిలకడగా వచ్చేది కాదు.

ఆదివారం పొద్దున్నే అమ్మ తలదువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని కంప్యూటరు ముందు కూర్చునేది. మూడు నిమిషాలు గడిచేసరికి బొమ్మ కొయ్యబారిపోయేది. మధ్యలో ఎవరైనా ఫోను చేశారా, మోడెము దీపం కాస్తా ఆరిపోయేది.

"వాడు నడక మొదలెట్టాడుటరా. నాకు మాత్రం ఎప్పుడూ నిలబడే కనబడుతున్నాడు," అంది ఒకనాడు.

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. వెంటనే కార్యాలయానికి ఫిర్యాదు రాశాను. పదిహేను రోజులాగి ఇంకొకటి రాశాను. తెలుగు మేష్టర్ని గదా, ఛందస్సులో తప్ప తక్కిన అన్నివిధాలా దుమ్మెత్తిపోశాను. వాళ్లు వచ్చి తీగ పరీక్షించి, "మావైపు అంతా బాగానే ఉందండీ," అని వెళ్లిపోయారు. ఎంత అబద్ధమాడుతున్నారోననుకున్నాను.

మా వీధిలోనే ఉద్యోగవిరమణ చేసిన లైన్‌మన్‌గారొకరున్నారు. నా గోడు విని, "మేష్టారూ, లోపలి తీగలన్నీ ఊడదీసి, తీగ ఇంట్లోకి వచ్చేచోటనే మోడెము తగిలించి చూడండి," అన్నారు. మోడెము తన నాడి తానే చూపిస్తుంది. రొదకంటె సంకేతం ఎంత మిగులుగా ఉందో డెసిబెళ్లలో చెబుతుంది. ఆరుకు తగ్గితే నిలకడ ఉండదు. గదిలో ఐదు చూపించిన మోడెము గుమ్మం దగ్గర పదిహేను చూపించింది. జబ్బు వీధిలో లేదు, మా ఇంట్లోనే ఉంది!

లైన్‌మన్‌గారు చెప్పినదాన్ని నా భాషలో చెబుతాను. ఒకే తీగమీద మాట మంద్రస్థాయిలోను, ఇంటర్నెట్టు తారస్థాయిలోను నడుస్తాయి. మాటకు సెకనుకు నాలుగువేల కంపనాలలోపు చాలు. ఇంటర్నెట్టు ఇరవైఐదువేల దగ్గర మొదలై పదకొండు లక్షలదాకా పోతుంది. తరువాత వచ్చిన పద్ధతిలో ఇరవైరెండు లక్షలదాకా. మంద్రం ఓర్పుగలది, ఎలాంటి తీగమీదనైనా సర్దుకుపోతుంది. తారం సుకుమారి.

టేపు కింది అతుకులకు వానచెమ్మ తగిలి కిలుం పట్టింది. మేడమీద వేళ్లాడే తీగలోకి సంకేతం పరుగెత్తి, చివర దారిలేక వెనక్కి తిరిగి, ముందు వస్తున్న సంకేతంతో ఢీకొంటోంది. పెద్ద హాల్లో ఉపన్యసించేవారికి ఆ బాధ తెలుసు: మనం అన్నమాట తిరిగివచ్చి మనం అనబోయే మాటను మింగేస్తుంది. పైగా మా వాళ్లు లాగింది మెలికలేని చదునుతీగ, అదీ కరెంటు తీగను ఆనుకుని. రెండు తీగలను జడలా పెనవేస్తే బయటి రొద రెండింటికీ సమంగా తగులుతుంది. అవతల లెక్కలోకి వచ్చేది రెండింటి తేడాయే గనుక రొద రద్దయిపోతుంది. గ్రాహంబెల్ 1881లోనే ఈ కిటుకుకు పేటెంటు పొందాడు. ఇక వడపోత లేకుండా తగిలించిన ఫోను మోగినా, ఎత్తినా తారస్థాయి చెదిరిపోతుంది. అమ్మ గదిలోది అలాంటిదే.

అంచేత అన్నీ కత్తిరించేద్దామని నిశ్చయించాను. అమ్మతో చెప్పాను.

"తీసెయ్యి నాయనా. దాంతో మాట్లాడేదెవరు గనక," అంది. అంటూనే పమిటచెంగుతో దాన్ని తుడిచింది. పక్కన గోడమీద నాన్నగారు పెన్సిలుతో రాసుకున్న నంబర్లు ఇంకా ఉన్నాయి. ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు.

మర్నాడు లైన్‌మన్‌గారు నవ్వారు. "తీసెయ్యమని ఎవరన్నారండీ? వేరుకుంపటి పెట్టించండి, చాలు."

స్ప్లిట్టరని చిన్న డబ్బా ఉంది. తీగ ఇంట్లోకి రాగానే దాన్ని పెట్టాలి. ఒక మూతినుంచి కొత్త పెనతీగ, ఎక్కడా అతుకు లేకుండా, తిన్నగా మోడెముకు. రెండో మూతినుంచి పాతతీగలన్నీ ఫోన్లకు. ఆ రెండో దారిలోకి డబ్బా తారస్థాయిని పోనివ్వదు గనుక అక్కడి అతుకులూ కిలుమూ ఇంటర్నెట్టును ఏమీ చెయ్యలేవు.

ఒక్క హెచ్చరిక. పని మొదలుపెట్టేముందు వీధితీగ ఊడదీయండి. తీగలో మామూలుగా ఉండేది నలభైఎనిమిది వోల్టులే గాని, గంట మోగేటప్పుడు డెబ్బైఐదు దాటవచ్చు. నేను స్టూలెక్కి తీగ పట్టుకున్న క్షణంలోనే మా మామగారు ఫోను చేశారు. ఆయన చెయ్యి అంతదూరం సాగుతుందని నాకప్పుడే తెలిసింది. మా ఆవిడ మాత్రం, "నాన్న ఎప్పుడూ సమయానికే చేస్తారు," అంది.

ఆ ఆదివారం మనవడు సోఫా పట్టుకుని లేచి, నాలుగడుగులు వేసి, చతికిలబడ్డాడు. అమ్మ చప్పట్లు కొట్టింది. అంతలో ఆవిడ గదిలో ఫోను మోగింది. అలవాటుకొద్దీ అందరం మోడెము దీపంకేసి చూశాం. అది ఆరలేదు. తియ్యబోతే అమ్మ, "మోగనీరా," అంది. పిల్లవాడు మళ్లీ లేస్తున్నాడు.

2019లో మా ఇంటికి గాజుతీగ వచ్చింది. రాగితీగకు సెలవిచ్చాం. అమ్మ గదిలోని ఫోనును కొత్త పెట్టెకు తగిలించాం. అది ఇంకా మోగుతోంది. రాగితీగమీదనే ఇంటర్నెట్టు నడుస్తున్నవారికి నేను చెప్పేది ఒక్కటే: ఎక్స్చేంజి ఎంత దూరంలో ఉన్నదన్నది మనచేతిలో లేదు, గుమ్మందాటి లోపలికి వచ్చిన తీగ మాత్రం మనదే. మొదట మోడెమును గుమ్మం దగ్గర పెట్టి చూడండి.

నేను రాసిన ఆ రెండు ఫిర్యాదుల నకళ్లు ఇంకా సొరుగులో ఉన్నాయి. వీధివైపు వేలు చూపించి ఏదైనా రాయబోయినప్పుడల్లా వాటిని ఒకసారి తీసి చదువుకుంటున్నాను. శైలి బాగానే ఉంది. విషయమే తప్పు.