నౌబత్ పహాడ్ మీద రెండు గడపలు

ఖైరతాబాద్ దగ్గరి నౌబత్ పహాడ్ మీద 1976లో తెరిచిన బిర్లా మందిరం ఉంది. అదే గుట్ట మీద 1985లో ఎన్టీఆర్ ప్రారంభించిన ప్లానెటేరియం, పక్కనే సైన్స్ మ్యూజియం. చెప్పులు విప్పి, చల్లటి పాలరాతి మెట్లెక్కి వేంకటేశ్వరుడికి దండం పెట్టిన పిల్లాడే కాసేపటికి మ్యూజియంలో కోటాసారస్ అనే రాక్షసబల్లి పక్కటెముకల ముందు నోరు తెరిచి నిలబడతాడు. ప్రాణహిత-గోదావరి లోయలో, యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలవి. వయసు పదిహేను కోట్ల ఏళ్ల పైమాటే. ఎవరు నమ్మినా నమ్మకపోయినా ఆ జంతువు ఈ నేల మీద తిరిగింది. ఎవరి సత్యం వారిదే అనేవాళ్లు ఆ ఎముకల ముందు నిలబడి ఆ మాట అనలేరు. పైగా పరమసత్యం లేనే లేదనడం కూడా ఒక పరమసత్యాన్ని ప్రకటించడమే! మరి దేవుడో? ఆయన్ను తవ్వి తీయలేం, ప్లానెటేరియం గుమ్మటం మీద చూపలేం. అంతమాత్రాన దండం పెట్టిన చేతులకు తెలివి లేదనడం అన్యాయం. లోకం అసలెందుకు ఉందన్న ప్రశ్నకు నక్షత్రాల లెక్కలు జవాబివ్వవు. ఎముక వయసు మాత్రం రాతిపొరలే చెప్పాలి. ఆ హద్దు ఒప్పుకున్న భక్తి హేతువుకు ఎదురు నిలవదు. మెట్లు దిగుతూ ఆ పిల్లాడు రాక్షసబల్లిని కూడా దేవుడే చేశాడా అని అడిగితే, దయచేసి ఎవరూ కసరొద్దు. హుస్సేన్‌సాగర్ గట్టు దాకా ఆ మాటే మాట్లాడుకుంటూ నడవొచ్చు.