వడగాలి నగరమున పెరటి సేద్యము

రాజస్థాన మరుభూమినుండి బయలుదేరి, హర్యానా మైదానములను దాటి, మే, జూన్ మాసములలో ఢిల్లీపై విరుచుకుపడు వడగాలిని ఇచటివారు ‘లూ’ అని పిలుతురు. 2024వ సంవత్సరము మే 29వ తేదీన సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రమున ఉష్ణోగ్రత 46.8 డిగ్రీలకు చేరినది. అంతటి వేడిమి ఆ కేంద్రమున 79 సంవత్సరములుగా నమోదు కాలేదు. ఆ వేసవియందే నీటి ట్యాంకర్ల వెంట జనులు బిందెలతోను గొట్టములతోను పరుగిడిన దృశ్యములను దేశమంతయు చూచినది. త్రాగుటకే నీరు చాలని ఇట్టి నగరమున పెరటిలో కూరగాయలు పండించుట విలాసము కాదా యని కొందరు విజ్ఞులు ప్రశ్నించుచున్నారు. ప్రశ్న న్యాయమైనదే. కాని ఏ ఋతువున ఏ మొక్కను ఏ విధముగా పెంచవలెనో యెరిగినవానికి పెరడు నీటిని హరించునది కాదనియు, ఢిల్లీ పెరటికి వడగాలికంటె ప్రబలమైన శత్రువు దాని మట్టినేలను కప్పివేయుచున్న కాంక్రీటేయనియు నేను దృఢముగా నమ్ముచున్నాను.

ఢిల్లీ ఎడారి కాదు, ఎడారికి పొరుగూరు. సంవత్సరమునకు 700 మిల్లీమీటర్లకు పైగా వర్షము కురియుచున్నను, దానిలో అధికభాగము జులైనుండి సెప్టెంబరువరకుగల మాసములలోనే కురిసి, మిగిలిన కాలమంతయు నేల దప్పిగొని యుండును. మే నెలలో మూతలేని పాత్రయందలి నీరు దినమునకు పది మిల్లీమీటర్ల మేర, అనగా చదరపు మీటరునకు పది లీటర్ల చొప్పున, ఆవిరియై పోవును. గోదావరి కాలువల ప్రక్కన పుట్టి పెరిగి ఉద్యోగరీత్యా ఇచటికి వచ్చిన మనవారు, కాలువనీరు పుష్కలముగా గల సీమలోని అలవాటునే వెంటగొని వచ్చి, పట్టపగలు గొట్టముతో పాదులు నింపి, సాయంకాలమునకు వాడిన ఆకులను చూచి ఇంకను నీరు పోయుదురు. టమాటా మొక్కకు పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడ చల్లబడనిచో పుప్పొడి నిర్వీర్యమై పూత రాలిపోవును. ఆ సమయమున ఎన్ని బిందెలు పోసినను కాయ నిలువదు. ఇక జనవరిలో చలి మూడు నాలుగు డిగ్రీలకు దిగునప్పుడు బొప్పాయి ఆకులు నల్లబడును, కరివేపచెట్టు బోసిపోవును, దొండతీగ నిలువున ఎండిపోవును. క్రొత్తవారు ఆ దొండ చచ్చినదని పీకివేయుదురు. పీకక విడిచినచో శివరాత్రి వెళ్ళిన పిమ్మట దాని దుంపనుండి చిగురు మరల బయలుదేరును.

కావున ఇచటి పెరటికి మొదటి ఎరువు పంచాంగమే. దసరా గడచి ఎండ తీక్ష్ణత తగ్గిన తరువాత పాలకూర, మెంతికూర, ముల్లంగి, క్యారెట్, కాలీఫ్లవర్, బఠానీ, టమాటా వేసికొన్నచో శీతకాలమంతయు స్వల్పమైన నీటితోనే ఇంటికి కూర సమృద్ధిగా లభించును. ఫిబ్రవరి నెలాఖరున నాటిన సొర, బీర, కాకర, బెండ వడగాలి వీచు నాటికి వేళ్ళు లోతునకు దింపుకొని, ఎండను ఓర్చుకొని కాయుచుండును. ఏప్రిల్ నెలాఖరున విత్తినవానికి ఆ బలము చేకూరదు. గోంగూరకును తోటకూరకును తొలకరియే తగిన కాలము. ఈ కాలజ్ఞానము యమునాతీరపు ఇసుకదిబ్బలలో తరతరములుగా సేద్యము చేసిన రైతులకు బాగుగా తెలియును. చలికాలముననే ఇసుకలో గుంటలు త్రవ్వి, ఎరువు నింపి, విత్తనమునకు రెల్లుగడ్డి దడులతో చలిగాలి తగులకుండ కాపు పెట్టి, వేసవి నాటికి ఖర్బూజను, సన్నని పొడవాటి కకడీ దోసను విపణికి తెచ్చు వారి నేర్పు ఏ గ్రంథమునకును తీసిపోదు. ఆ నదిలో నేడు నగరపు మురుగు ప్రవహించుచున్నదనియు, ఆ తీరపు ఆకుకూరలలో సీసము మొదలగు లోహములు కనిపించుచున్నవనియు పరిశోధకులు పలుమారులు హెచ్చరించిరి. పెరటి కూరకు విలువ పెరుగుటకు ఇదియు నొక కారణమే.

ఈ నగరమున పెరటివానికి లభించు మరియొక భాగ్యము పూసా. బీహారునందలి పూసాలో 1905లో నెలకొల్పబడిన వ్యవసాయ పరిశోధన సంస్థ 1934 నాటి భూకంపములో దెబ్బతినగా, 1936లో దానిని ఢిల్లీకి తరలించిరి. ఊరిపేరు కూడ దానివెంట తరలివచ్చినది. పూసా రూబీ టమాటా, పూసా సావనీ బెండ, పూసా పర్పుల్ లాంగ్ వంకాయ, రెండు ఋతువులకును పనికివచ్చు పూసా దో మౌసమీ కాకర ఆ సంస్థలో రూపొందినవే. తెలుగువారికి హృద్యమైన విషయ మింకొకటి కలదు. ఉత్తరాది దశేరీ మామిడిని మనకు చిరపరిచితమైన నీలముతో సంకరపరచి 1971లో అచట సృష్టించిన ఆమ్రపాలి చెట్టు గిడసగా పెరుగును; హెక్టారునకు 1600 చెట్ల వరకు నాటవచ్చునన్నచో, అది ఎంత ఇరుకు పెరటిలో ఇముడునో పాఠకులే ఊహింపగలరు.

అయినను మరుభూమి పొరుగున నున్నవారు మరుభూమినుండియే ఫలవృక్షములను ఎన్నుకొనుట మరింత వివేకము. దసరానాడు మనము పూజించు జమ్మి, తెలంగాణకువలెనే రాజస్థానమునకును రాష్ట్రవృక్షము. అచటివారు దాని లేతకాయలను ‘సాంగ్రీ’ పేర కూర వండుకొందురు. రేగు, దానిమ్మ, నిమ్మ, వాక్కాయ, ఫాల్సా, ఇవన్నియు ఒకసారి వేరూనిన పిమ్మట యజమాని ఆదరమునకై అంగలార్చునవి కావు. వాక్కాయను ప్రహరీ ప్రక్కన కంచెగా పెంచినచో, వానకాలమున పప్పునకును పచ్చడికిని సరిపోవు కాపు ఇచ్చును. ఢిల్లీలోని తెలుగు గృహిణులకు దీనిని నేను ప్రత్యేకముగా సిఫారసు చేయుచున్నాను.

ఇక నీటి మాట. నోరు మాత్రము పైకి కనబడునట్లు మట్టికుండను పాదులో పాతిపెట్టి, నీరు నింపి మూత వేసినచో, దాని గోడల సూక్ష్మరంధ్రములగుండ తేమ నేల కోరినంత మేరకే ఊరి వేళ్ళకు చేరును. రెండువేల సంవత్సరములనాటి చీనా వ్యవసాయ గ్రంథమున ఈ పద్ధతి వర్ణింపబడియున్నది. ఢిల్లీకి అనతిదూరమునగల కర్నాల్‌లోని కేంద్ర లవణ మృత్తికా పరిశోధన సంస్థవారును దీనిని పరీక్షించిరి. ఉత్తమ్‌నగర్ కుమ్మరివాడలో కుండలకు కొరత లేదు. బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు సంకోచము లేకుండ మొక్కలకు పోయవచ్చును. ఆర్‌వో యంత్రము విసర్జించు నీటి విషయమున మాత్రము జాగరూకత యవసరము: ఉప్పునీటి బోర్లుగల ప్రాంతములలో ఆ నీరు మరింత లవణభూయిష్ఠమై నేలను చవుడు చేయును. వీథులలో రాలిన వేపాకును పాదులపై నాలుగంగుళముల మందమున పరచినచో మట్టి చల్లగా నుండి తేమ నిలుచును. 2015లో జాతీయ హరిత ధర్మాసనము ఆకులు తగులబెట్టుటను నిషేధించినను ఇప్పటికిని శీతకాలమున వాని పొగ మన ఊపిరులలో చేరుచున్నది. పాదులను చల్లబరచవలసిన సంపద నగరమును ఉక్కిరిబిక్కిరి చేయుట ఎంతటి విషాదము!

ఇవన్నియు ఉన్నను నేల లేనిచో ఏమి లాభము? లోదీకాలనీ, సరోజినీనగర్, రామకృష్ణపురము మొదలగు చోట్ల ప్రభుత్వ క్వార్టర్లలో క్రింది అంతస్తువారికి కొంత పెరడు ఉండెడిది. గుమాస్తాలు మొదలు అధికారులవరకు ఎందరో తెలుగువారు అచట కరివేపను, మునగను పెంచి, బదిలీపై పోవునప్పుడు ఇరుగుపొరుగులకు అప్పగించి వెళ్ళినవారే. 2016లో కేంద్ర మంత్రివర్గము సరోజినీనగర్, నౌరోజీనగర్, నేతాజీనగర్ మొదలగు ఏడు కాలనీల పునర్నిర్మాణమునకు ఆమోదము తెలిపినది. 2018లో చెట్ల నరికివేతపై పౌరులు ఉద్యమించగా ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము దానిని నిలుపుచేసినది. ఆనాడు మహావృక్షముల కొరకు గళమెత్తినవారిని నేను మనసార అభినందించుచున్నాను. కాని ఆ వృక్షముల క్రింద నుండిన పెరళ్ళను గూర్చి పలికినవారు అరుదు. ఉద్యోగులకు ఇండ్లు చాలవను ప్రభుత్వవాదము అసత్యము కాదు. మేడలు ఎత్తుగా కట్టవలసియే వచ్చును. అయితే స్థలమంతటి క్రిందను కార్లకై నేలమాళిగ త్రవ్వి, పైన అడుగెత్తు మట్టి పోసి పచ్చిక పరచి, దానిని ఉద్యానమని పేర్కొనుట నాకు సమ్మతము కాదు. అట్టి మట్టిలో మునగ వేరూనదు, వాననీరు భూగర్భమునకు చేరదు.

ఇకముందు కట్టబోవు ప్రభుత్వ గృహసముదాయములకును, గురుగ్రామ్, నోయిడాలలో లేచుచున్న ప్రైవేటు భవనములకును నక్షా ఆమోదించుటకు ముందే, నేలమాళిగ త్రవ్వని సహజభూమిని కొంత భాగము నివాసుల కూరపాదులకై విడువవలెనను నిబంధనను అధికారులు విధింపవలెను. వంటిండ్లలో కూరలు, బియ్యము కడుగు తొట్టెల నీటిని పాత్రలు తోము నీటిలో కలియనీయక, ఆ భూమికి చేర్చు వేరు గొట్టమును భవనము కట్టునప్పుడే అమర్చవలెను. తరువాత గోడలు పగులగొట్టి అమర్చుట ఎవరికిని సాధ్యము కాదు. ప్రొద్దుటి ఎండ తగిలి, అపరాహ్ణపు ఎండకు మేడయే అడ్డుపడునట్లు ఆ స్థలము భవనమునకు తూర్పుదిక్కున నుండుట శ్రేష్ఠము.