గాడిపొయ్యి మీద నలుగురికి కాఫీ

ఇంట్లో నలుగురికి కాఫీ పెట్టడానికి పెరట్లో పెళ్ళివారి గాడిపొయ్యి తవ్వే ఇల్లాలిని ఎక్కడైనా చూశారా? చూసి ఉండరు. ఇంటి కంప్యూటర్లోకి లైనక్స్ సర్వర్ ఎడిషన్ ఎక్కించి మీసం మెలేసే మగమహారాజులు మాత్రం అక్కడక్కడ ఉన్నారు.

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. పాత యంత్రాన్ని పారేయకుండా ఉబుంటు ఎక్కించుకుంటే పొదుపే, కాదనను. గొడవల్లా, డెస్క్‌టాప్ రకం చక్కగా ఉండగా సర్వర్ రకం తెచ్చి మన నెత్తిన పెట్టడం గురించే.

సర్వర్ అంటే ఎక్కడో గదిలో మనిషి మొహం చూడకుండా రాత్రింబవళ్ళు చాకిరీ చేసే యంత్రం. దానికి బొమ్మలెందుకు, మౌసెందుకు? అందుకే ఆ ఎడిషన్లో అవి పెట్టరు. మీట నొక్కితే నల్లటి తెర, పేరూ పాస్‌వర్డూ అడిగే ఒక గీత. అంతే!

పోనీ తెలుగైనా కనబడుతుందా? ఆ నల్ల తెర 512 అక్షర రూపాలకు మించి పట్టదు. గుణింతాలూ ఒత్తులూ కూర్చడం దానికి చేతకాదు. అమెరికా నుంచి అమ్మాయి ముచ్చటగా తెలుగులో రాసిన నాలుగు ముక్కలు అక్కడ తెరిస్తే అక్షరం కనబడితే ఒట్టు!

"అదైతే ఎక్కువ కాలం మన్నుతుందోయ్" అంటారు. ఒకప్పుడు నిజమే. ఉబుంటు దీర్ఘకాలపు విడుదలల్లో డెస్క్‌టాప్‌కి మూడేళ్ళు, సర్వర్‌కి అయిదేళ్ళు మద్దతుండేది. 2012లో వచ్చిన 12.04 నుంచి రెండింటికీ అయిదేళ్ళే. సర్వర్‌కంటూ వేరే కెర్నెల్ తయారు చేయడం కూడా అప్పుడే మానేశారు. ఇంకా ఆ పాత పాటే పాడితే ఎలా?

"కావాలంటే బొమ్మల తెర తర్వాత తగిలిస్తాం" అని ఇంకో మాట. తగిలించవచ్చు. అన్నీ తగిలించాక అయ్యేది డెస్క్‌టాపే కదా! పైగా నెట్‌వర్కు సర్వర్ పద్ధతిలోనే ఉండిపోయి, తెర మీది వైఫై గుర్తు నొక్కినా పలక్కపోవచ్చు. అప్పుడు ఏదో ఫైలు తెరిచి దిద్దాలి. దిద్దేదెవరు? ఆయనే.

అసలు కిటుకు ఇక్కడుంది. కరెంటు బిల్లు కట్టాలన్నా, పిల్లదాని హాల్‌టిక్కెట్టు తీయాలన్నా ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా కూర్చోవాలి. ఇంటి తాళంచెవుల గుత్తి ఒక్కరి మొలకే కట్టుకుని, దానికి భద్రత అని పేరు పెడితే ఊరుకుందామా?

నేర్చుకునే సరదా ఉంటే అటక మీది పాత డబ్బా దించుకుని దాని మీద చేసుకోమనండి. ఇంట్లో యంత్రం మరీ ముసలిదైతే లుబుంటు అని తేలిక రకం ఒకటుంది. అదీ ఊరికే వస్తుంది.