మరణానంతర కారణజ్ఞానం: శిక్షా? ఋణమా?

ప్రియమైన ప్రాణి మరణించినప్పుడు కలిగే శోకం ఒకటి. ఆ మరణానికి కారణమేమిటో తరువాత తెలిసినప్పుడు కలిగే శోకం మరొకటి. మొదటిది వియోగజన్యం. కాలం దానిని క్రమంగా ఉపశమింపజేస్తుంది. రెండవది జ్ఞానజన్యం. 'ముందే తెలిసి ఉంటే బ్రతికేది కదా' అనే తలపు ఒక్కసారి మనస్సులో నాటుకున్నదంటే, కాలం గడిచేకొద్దీ అది బలపడుతుందే గాని క్షీణించదు. అజ్ఞానమే సకల దుఃఖాలకు మూలమని శాస్త్రం బోధిస్తుండగా, ఇక్కడ జ్ఞానమే దుఃఖహేతువైనట్లు కనిపిస్తున్నది. ఈ విరోధాభాసం విచారణార్హం.

అనకాపల్లి జిల్లాలోని ఎలమంచిలి వంటి పట్టణంలో, పిల్లల ముచ్చట తీర్చడానికి ఒక కుందేలును తెచ్చి పెంచుకున్న గృహస్థుల విషయాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. అనకాపల్లి బెల్లం ప్రసిద్ధమైన ఆ ప్రాంతంలో ఆప్యాయతను తీపితో వ్యక్తం చేయడం సహజం. కుందేలుకు కూడా అన్నం, బిస్కెట్లు, అప్పుడప్పుడు బెల్లపు ముక్క ప్రేమతోనే పెట్టారు. ఒకనాడు అది మేత తగ్గించి మూల కూర్చున్నది. వేసవి ఉక్కకు నలిగినదని ఇంటివారు భావించారు. మూడవనాటికి ప్రాణం పోయింది. ఆ తరువాత పరీక్షించిన పశువైద్యుడు చెప్పిన మాట ఇది: వెనుక దంతాలు ముళ్ళవలె పెరిగి నాలుకను గాయపరచినవి, నొప్పితో మేత నిలిచింది, మేత నిలిచినందున ప్రేవుల కదలిక ఆగిపోయింది, గడ్డి లేని ఆహారమే దీనికంతటికీ మూలం.

ఈ కారణపరంపర కుందేలు శరీరధర్మాన్ని ఎరిగినవారికి ఆశ్చర్యకరం కాదు. కుందేలు దంతాలు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. పీచు గల గడ్డిని నిరంతరం నమలడం వల్లనే అవి అరుగుతాయి. దాని జీర్ణవ్యవస్థ సైతం పీచు మీదనే ఆధారపడి నడుస్తుంది. పిండిపదార్థం, చక్కెర ఎక్కువైతే ప్రేవులలోని సూక్ష్మజీవుల సమతౌల్యం చెడిపోతుంది. పన్నెండు గంటలపాటు మేత ముట్టని కుందేలును వైద్యులు అత్యవసరస్థితిలో ఉన్నట్లే పరిగణిస్తారు. మనుషులకు ఇచ్చే అమాక్సిసిలిన్ వంటి ఔషధాన్ని నోటి ద్వారా ఇస్తే అదే దానికి ప్రాణాంతకం కావచ్చు. అనగా ఇంటివారి వాత్సల్యం ఏ రూపంలో ప్రకటితమైనదో, ఆ రూపమే అపకారానికి సాధనమైనది. శోకానికి పదునుపెట్టే అంశం ఇదే.

ఈ దశలో రెండు సమాధానాలు సిద్ధంగా ఉంటాయి. మొదటిది ఓదార్చవచ్చిన బంధువులది: 'దాని ప్రారబ్ధం అంతే, ఇప్పుడు కారణాలు వెదకి ప్రయోజనమేమి?' రెండవది శోకగ్రస్తమైన మనస్సుది: 'దానిని చంపినది మనమే.' ఈ రెండూ దోషయుక్తాలే.

మొదటి సమాధానం వినడానికి వైదికంగా ఉన్నా, శాస్త్రసమ్మతం కాదు. దృష్టకారణం లభిస్తున్నచోట అదృష్టాన్ని కల్పించరాదనేది మీమాంసకుల దృఢమైన నియమం. దంతం పెరిగి నాలుక తెగినదని కంటికి కనిపిస్తుండగా, ప్రారబ్ధమనే మాటతో విచారణను ముగించడం ఆస్తిక్యం కాదు, ఆలస్యానికి ముసుగు. ప్రారబ్ధవాదం శోకాన్ని భరించడానికి ఉద్దేశించినది. కారణాన్ని కప్పిపుచ్చడానికి కాదు. శోకింపదగని వారిని గూర్చి శోకించవద్దని భగవద్గీత బోధించినది నిజమే. విచారించవద్దని మాత్రం ఎక్కడా బోధించలేదు.

రెండవ సమాధానం మరింత సూక్ష్మపరీక్ష కోరుతున్నది. 'అది బాధపడుతున్నదని ఎందుకు గుర్తించలేకపోయాం?' అనేది ఇంటివారి ప్రధానమైన ఆత్మనింద. దీనికి భాట్టమీమాంసకులు, అద్వైతులు అంగీకరించిన అనుపలబ్ధి ప్రమాణమే ప్రత్యుత్తరం ఇస్తుంది. ఒక వస్తువు కనిపించకపోవడం దాని అభావాన్ని నిరూపిస్తుంది; అయితే ఆ వస్తువు కనిపించడానికి యోగ్యమైన పరిస్థితి ఉన్నప్పుడు మాత్రమే. వెలుతురు ఉన్న గదిలో కుండ కనిపించకపోతే కుండ లేదనవచ్చు. చీకటి గదిలో కనిపించకపోతే ఏమీ చెప్పడానికి వీలులేదు. కుందేలు వేటకు గురయ్యే ప్రాణి. బలహీనత బయటపడితే మృగాల కంట ముందుగా పడేది అదే గనుక, బాధను దాచుకోవడం దానికి జన్మసిద్ధమైన రక్షణ. గాయం నోటి వెనుక భాగంలో; బాధ మౌనంలో. అది చీకటి గది. అందులో కుండ కనిపించలేదని కంటిని నిందించడం న్యాయం కాదు.

అయితే విచారణ ఇక్కడ ఆగితే అది కేవలం ఓదార్పుగా మిగులుతుంది. చీకటి గదిలో కుండ లేదని నిశ్చయించడం కూడా దోషమే. 'కదలకుండా కూర్చున్నది కనుక ఎండకు నలిగినది' అనే అనుమానంలో హేతువు అనేక కారణాలకు సాధారణం. రామాయణంలో దశరథుడు చేసిన పొరపాటు ఈ కోవకు చెందినదే. సరయూతీరంలో చీకటివేళ కుండ మునిగిన శబ్దాన్ని విని, ఏనుగు నీరు త్రాగుతున్నదని అనుమానించి బాణం విడిచాడు. బాణం తగిలిన తరువాతనే అది మునికుమారుని కంఠమని తెలిసింది. ఇక్కడ కూడా కారణజ్ఞానం మరణంతోనే కలిగినది. కాని దశరథుని దోషం చూడలేకపోవడం కాదు. చూడలేని స్థితిలో నిశ్చయానికి రావడం.

న్యాయసూత్రకారుడైన గౌతముడు కార్యం నుండి కారణాన్ని ఊహించడాన్ని శేషవదనుమానమన్నాడు. నదిలో వరద చూసి ఎగువన వాన కురిసినదని గ్రహించడం దానికి వాత్స్యాయనుడు చూపిన ఉదాహరణ. నీటికి అడ్డుకట్ట పడినా నది పొంగుతుంది కదా అనే ఆక్షేపం ఆ సూత్రాలలోనే ఉన్నది. పొంగు మాత్రమే చాలదు. ప్రవాహవేగాన్ని, నురుగును, కొట్టుకువచ్చే ఆకులను, కొమ్మలను కూడా చూడాలనేది అందుకు సమాధానం. ఎలమంచిలి సమీపాన ఏటికొప్పాక వద్ద వరాహ నదిని చూసే రైతుకు ఈ వివేచన ఎవరూ నేర్పనక్కరలేదు. నది విషయంలో ఉన్న ఆ జాగ్రత్త మూగప్రాణి విషయంలో లోపించడానికి కారణం ప్రేమలేమి కాదు, పరిచయలేమి. ఎద్దు, గేదెల వ్యాధిలక్షణాలు తరతరాలుగా ఇంటింటా తెలుసు. కుందేలు మాత్రం బజారు నుండి నేరుగా ఒడిలోకి వచ్చిన అతిథి.

కనుక దోషాన్ని దాని పరిమాణంలోనే స్వీకరించాలి. వ్యాధిని గుర్తించలేకపోవడం దోషం కాదు. ప్రాణిని ఇంటికి తెచ్చిననాడే 'ఇది ఏమి తింటుంది?' అని తెలిసినవారిని అడగకపోవడం ప్రమాదం, అనగా ఏమరుపాటు. ఈ తారతమ్యాన్ని ధర్మం గుర్తించినదనడానికి మహాభారత ఆదిపర్వంలోని మాండవ్యోపాఖ్యానం సాక్ష్యం. బాల్యంలో పురుగులను గడ్డిపరకతో గుచ్చిన దోషానికి శూలారోహణ శిక్ష పడినదని తెలిసినప్పుడు, తెలియని వయస్సులో చేసిన అల్పదోషానికి ఇంత దండన అధర్మమని మాండవ్యుడు సాక్షాత్తు యమధర్మరాజునే శపించాడు. పదునాలుగేండ్ల లోపు చేసిన పని పాతకం కాదని మర్యాద ఏర్పరచాడు. ఆ శాపఫలమే విదురజన్మ. శిక్షను మితిమీరనిచ్చిన ధర్మదేవత సైతం జవాబు చెప్పుకోవలసివచ్చినదని దీని తాత్పర్యం. ఆత్మనిందతో కృశించే మనస్సుకు ఇది గట్టి హెచ్చరిక. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్లు 'నేనే చంపాను' అని పట్టుబట్టడం పశ్చాత్తాపం కాదు. అది కూడా ఒక విధమైన అహంకారమే.

మరి ఆలస్యంగా లభించిన ఆ జ్ఞానానికి వినియోగమేమి? 1847 మార్చిలో వియన్నా నగరంలో కొలెచ్కా అనే ఆచార్యుడు శవపరీక్ష వేళ శిష్యుని కత్తి గీచుకుని వ్యాధిగ్రస్తుడై మరణించాడు. ఆయన మిత్రుడైన సెమ్మెల్‌వైస్, ఆ దేహంలో కనిపించిన వికారాలు ప్రసూతిజ్వరంతో మరణించే తల్లుల దేహాలలోని వికారాలతో సరిపోలుతున్నవని గ్రహించాడు. శవాలను తాకిన వైద్యుల చేతులే వ్యాధిని మోస్తున్నవని తేలింది. ఆ చేతులలో తన చేతులు కూడా ఉన్నవని ఆయనకు తెలుసు. ఆ జ్ఞానభారంతో ఆయన కూలబడలేదు. మే నెలలో క్లోరిన్ ద్రావణంతో చేతులు కడగడం తప్పనిసరి చేశాడు. ఏప్రిల్‌లో నూటికి సుమారు 18గా ఉన్న తల్లుల మరణాలు జూన్ నాటికి సుమారు 2కు తగ్గినవి. మిత్రుడు తిరిగి రాలేదు. అసంఖ్యాకులైన తల్లులు ఇళ్ళకు చేరారు.

తెలుగునేలపై సికిందరాబాదులో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ ఉదరంలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. అంతకు ముందు చలిజ్వరంతో బిడ్డలను కోల్పోయిన తల్లిదండ్రులు ఆ తేదీ కారణంగా దోషులు కాలేదు. కాని ఆ తేదీ తరువాత ఇంటి ముందు నిలిచిన నీటిని ఉపేక్షించేవానికి అజ్ఞానమనే ఆశ్రయం లేదు. జ్ఞానం వెనుకకు ప్రసరించి తీర్పు చెప్పదు. ముందుకు ప్రసరించి బాధ్యత నిర్ణయిస్తుంది.

అందువలన మరణానంతర కారణజ్ఞానం శిక్ష కాదు, ఋణం. ఋషిఋణం జ్ఞానాన్ని అధ్యయనం చేసి ఇతరులకు అందించడం వల్ల తీరుతుందని పెద్దల మాట. మూగప్రాణి మరణం ద్వారా కలిగిన జ్ఞానానికి కూడా అదే న్యాయం వర్తిస్తుంది. మరణించిన ప్రాణిని పాతిపెట్టే ముందు వైద్యునితో కారణం తెలుసుకోవడానికి సంకోచించరాదు. తెలిసిన కారణాన్ని సిగ్గుతో దాచరాదు. ఆ వీధిలోనే మరొక ఇంట పంజరంలోని కుందేలుకు ఒక బాలుడు బిస్కెట్టు అందిస్తూ ఉండవచ్చు. వానికి గరికపోచల గుప్పెడు చేతికిచ్చి, 'ఇది పెట్టు నాయనా. ఇది తింటేనే దాని పళ్ళు అరుగుతాయి' అని చెప్పగలవారు, ఒక కుందేలును పోగొట్టుకుని కారణం తెలుసుకున్న ఆ ఇంటివారు మాత్రమే.