గంట ఇస్తారు, తాళం ఇస్తారు, దీపం మాత్రం ఇవ్వరు

ఆసిఫాబాద్‌లో గాని, కాగజ్‌నగర్‌లో గాని ఒక సైకిలు దుకాణానికి వెళ్ళి కొత్త సైకిలు బేరమాడి చూడండి. గంట, స్టాండు, క్యారియర్, తాళం, చివరికి సీటుకు కుచ్చుల కవరు కూడా చూపిస్తారు. వెనుక దీపం మాట అమ్మేవాడు ఎత్తడు, కొనేవాడు అడగడు. మడ్‌గార్డుకు ఒక ఎర్రని ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది. దానితోనే అందరూ సరిపెట్టుకుంటారు. నా అభ్యంతరమంతా ఈ సరిపెట్టుకోవడం మీదనే. బ్రేకులు లేని సైకిలును అమ్మితే ఊరుకోని మనం, దీపం లేని సైకిలును ఎందుకు సహిస్తున్నాము?

ఆరోగ్యం గురించి రాయవలసిన చోట నట్లు, బోల్టుల ప్రసంగమేమిటని కొందరు అడగవచ్చు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వారిలో నాలుగు వేలకు పైగా సైకిలు మీద పోతున్నవారే. వెనుక నుండి వాహనం తగిలినప్పుడు తలకు, మెడకు, తుంటికి, తొడ ఎముకకు ఒకేసారి దెబ్బలు తగలవచ్చు. ఆసిఫాబాద్‌కు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, సంతోషమే. అయినా పుర్రె లోపల రక్తస్రావమవుతున్న మనిషికి ప్రతి నిమిషమూ విలువైనదే. హైదరాబాదు ఇక్కడికి సుమారు 300 కిలోమీటర్లు. ఆ దూరాన్ని మీరూ నేనూ తగ్గించలేము. మన చేతిలో ఉన్న దూరం వేరొకటి: వెనుక వచ్చే డ్రైవరు కంటికి మీరు ఎంత దూరం నుండి కనబడతారన్నది.

మంచిర్యాల వైపు నుండి ఆసిఫాబాద్, వాంకిడి మీదుగా మహారాష్ట్ర సరిహద్దుకు పోయే 363వ జాతీయ రహదారినే తీసుకోండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. డ్రైవరు చూసి, అది సైకిలని గుర్తించి, బ్రేకు తొక్కేసరికి రెండు సెకన్లనుకుంటే 44 మీటర్లు పోయాయి. బరువుతో ఉన్న లారీ ఆగడానికి ఆ పైన మరో 50 మీటర్లు కావాలి. దాదాపు వంద మీటర్లు! హెడ్‌లైటు డిమ్‌లో ఉన్నప్పుడు ముదురు రంగు బట్టల మనిషి అందులో సగం దూరానికి కూడా కనబడడు. ఎదురు వాహనపు వెలుగు కళ్ళలో పడిందంటే ఇంకా తక్కువ. డ్రైవరు చూసుకోవద్దా అంటారేమో. తప్పకుండా చూసుకోవాలి, కానీ కంటికి అందని దానిని ఎంత మంచి డ్రైవరైనా ఎలా చూడగలడు?

ఎర్ర స్వెట్టరు వేసుకున్నాను గదా అని ధైర్యపడకండి. మసక చీకటిలో చూపును మోసేవి కంటి వెనుక పొరలోని దండకణాలు. అవి ఎరుపుకు దాదాపు స్పందించవు. పగలు మెరిసిన ఎర్ర స్వెట్టరు రాత్రి నల్ల గొంగడితో సమానమవుతుంది. ఎర్ర దీపం సంగతి వేరు. అది తానే వెలుగు గనుక రంగులను పట్టే శంకుకణాలను నేరుగా తాకుతుంది.

ఒకప్పుడు మన పట్టణాలలో రాత్రివేళ దీపం లేకుండా సైకిలు తొక్కితే పోలీసులు ఆపేవారు. కిరోసిన్ దీపమో, టైరును రాసుకుంటూ తిరిగే డైనమోనో ఉండేది. ఆరు వోల్టుల, మూడు వాట్ల ఆ డైనమో సైకిలు ఆగితే ఆరిపోయేది. అయినా రోడ్డు మీద ఎడ్లబండ్లే ఎక్కువ గనుక సరిపోయింది. ఇప్పుడు రోడ్ల మీద వేగం పెరిగింది, దీపం మాయమైంది. సైకిలు మోటారు వాహనం కాదు గనుక మోటారు వాహనాల చట్టపు నిర్వచనంలోకే రాదు. 2020లో కేంద్రం సైకిలు రిఫ్లెక్టర్ల నాణ్యత మీద ఉత్తర్వు తెచ్చింది. మంచిదే, కానీ రిఫ్లెక్టరు పరుల వెలుగు మీద బ్రతికేది. ఒక కన్నుతో వచ్చే ట్రాక్టరు ముందు, నల్లరేగడి బురద పూసుకున్న బిళ్ళ ఏమి చేయగలదు? జనవరిలో రోడ్డు భద్రత మాసమని రేడియం స్టిక్కర్లు అంటించి ఫోటోలు దిగేవారు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

ఇక బిగింపు. బజారులో దొరికే దీపాలలో ఎక్కువ భాగం సీటు కింది గొట్టానికి రబ్బరు పట్టీతో తగిలించేవి. క్యారియర్ లేని, షికారు సైకిళ్ళకు అవి బాగుంటాయి. మన సైకిలు మీద పత్తి మూట ఉంటుంది, పాల క్యాను ఉంటుంది, చలికాలమైతే వెనుక వేలాడే దుప్పటి ఉంటుంది. సీటు కింది దీపం వీటి చాటున పడి ఎవరికీ కనబడదు. పైగా రెండు గుంతలకు రబ్బరు సాగి దీపం నేల చూపులు చూస్తుంది. కనుక దానిని క్యారియర్ వెనుక అంచుకు ఇనుప క్లాంపుతో, రెండు బోల్టులతో బిగించండి. క్లాంపు కింద పాత ట్యూబు ముక్క వేస్తే జారదు. నైలాన్ లాకు నట్టు వాడితే అదురుకు వదలదు. మధ్యలో వీలుకాకపోతే కుడి చివర పెట్టండి, మనల్ని దాటే వాహనాలు కుడివైపు నుండే వస్తాయి. మూట క్యారియర్ దాటి వేలాడితే మూటకే మరో దీపం కట్టాలి, వేరే దారి లేదు. ఎల్.ఈ.డీ. కాంతి సన్నని కట్టగా పోతుంది. కాస్త వంగినా వెలుగంతా తారు మీద పడి వృథా. అద్దం నిటారుగా, సూటిగా వెనక్కు చూడాలి.

ఫోను ఛార్జరుతో ఛార్జయ్యేది, వాన చినుకులకు తట్టుకునేది ఎంచుకోండి. మిణుకుమిణుకుమనేది ఆకర్షణీయంగా ఉంటుంది గాని, సైకిలు ఎంత దూరంలో ఉన్నదో అంచనా వేయడానికి నిలకడగా వెలిగేదే మేలు. జర్మనీలో మిణుకుమనే వెనుక దీపాన్ని సైకిళ్ళకు అనుమతించరు. డెన్మార్క్‌లోని ఓడెన్స్ నగరంలో 2004-05లో 3,845 మంది సైక్లిస్టులతో ఒక అధ్యయనం జరిగింది. పగలూ రాత్రీ ఆరకుండా వెలిగే దీపాలు అమర్చినవారిలో గాయాలైన ప్రమాదాలు 19 శాతం తక్కువ. ఇంత ఫలితమిచ్చే మందు దొరికితే మనం వరుసలో నిలబడి కొంటాము.

పేదవాడికి ఖర్చు గదా అనే మాట తరచు వింటాను. సాధారణమైన దీపానికి రెండు ట్యూబుల ధర మించదు. ఆ మాత్రం సైకిలు ధరలోనే కలిపి, బిగించి ఇవ్వడానికి దుకాణదారుకు ఏమి అడ్డం? కూలీలను చీకటి పడ్డాక ఇళ్ళకు పంపే జిన్నింగు మిల్లుల యజమానులకు, షిఫ్టులు నడిపే పరిశ్రమలకు ఏమి అడ్డం? డిసెంబరులో ఇక్కడ ఆరు గంటలకు ముందే సూర్యుడు అస్తమిస్తాడు, తెల్లవారుజామున పెద్దవాగు మీద మంచు తెర కడుతుంది. ఈలోగా మీ ఇంటి సైకిలును, రోజూ మోసే బరువుతో సహా, చీకట్లో నిలబెట్టి వంద అడుగులు వెనక్కు నడచి చూడండి. దీపం కనబడకపోతే రేపే దుకాణానికి వెళ్ళండి. తాళం ఇచ్చినవాడిని దీపం ఎందుకివ్వలేదని అడగండి.