గృహవిజ్ఞానము: బొమ్మరైలు నేర్పు పాఠము

మా తోట్లవల్లూరునకు రైలుమార్గము లేదు. కృష్ణయొడ్డున చెఱకు, పసుపు, అరటితోటల నడుమ పెరుగు పిల్లలు రైలు చూడవలెనన్న విజయవాడకో గుడివాడకో పోవలసినదే. అందుచే మా యింటి పిల్లలకు బొమ్మరైలనిన మక్కువ మెండు. ఆ రైలును కంప్యూటరుచే నడిపించు విధమును గూర్చి ఈ నెల సోదరీమణులతో ముచ్చటింప నెంచితిమి. ఇది మగపిల్లల యాటయని పుట త్రిప్పివేయవలదు. ఇందలి నియమము రైలెక్కు ప్రతి కుటుంబమునకును సంబంధించినది.

కావలసిన సామగ్రి స్వల్పము. 16.5 మిల్లీమీటర్ల వెడల్పుగల పట్టాలు, 12 వోల్టులతో నడచు రెండు బండ్లు, 2005లో ఇటలీ దేశమున పుట్టిన ఆర్డ్యూయినో యను అఱచేతిలో నిముడు కంప్యూటరు పలక, మూడు రిలేలు, అయస్కాంతము దాపునకు రాఁగానే కలిసికొను మూడు చిన్న రీడ్ స్విచ్చులు చాలును. గుండ్రని మార్గమును మూడు గడులుగా విభజింపవలెను. ప్రతి గడి చివర మూరెడు పట్టాను వేఱుచేసి, దాని విద్యుత్తును రిలే వశమున నుంచవలెను. ముందు గడిలో బండి యున్నంతసేపు ఆ మూరెడు పట్టాకు విద్యుత్తు రాదు. వెనుకబండి అచ్చటనే నిలిచిపోవును. ఒక గడిలో ఒకే బండి: కంప్యూటరునకు నేర్పవలసిన సూత్ర మింతే.

అయితే గడి ఖాళీ యయినట్లు దాని కెట్లు తెలియును? ఇంజనుకు మాత్రమే అయస్కాంతము కట్టినచో, నడుమ కొక్కెమూడి ఒక పెట్టె వెనుకఁబడినను, బండి యంతయు దాఁటినదనియే కంప్యూటరు భ్రమించును. కావున చివరిపెట్టెకును అయస్కాంతము కట్టవలెను. రెండును లెక్కకు వచ్చిన పిదపనే వెనుకగడి ఖాళీ యైనట్లు. నిజమైన రైలు కడపటి పెట్టె వెనుక పెద్ద ఇంటూ గుర్తు నుంచుట యిందులకే. బండి యంతయు వచ్చినదని దానిని చూచియే స్టేషనువారు నిశ్చయించుకొందురు.

మఱియొక నియమము కలదు. రిలేకుఁ బోవు తీగ తెగినచో బండి యాగవలెనే గాని పోరాదు. మన యూళ్ళలో కరెంటు పోవుట, వచ్చుట వింతగాదు. కరెంటు మరల వచ్చినప్పుడు కంప్యూటరు బండ్ల స్థానములను మఱచియుండును. కావున గడులన్నియు నిండియున్నవనియే యెంచి, పిల్లలు చూచి చెప్పినదాఁక దేనిని కదలనీయరాదు. తెలియనిచోట నిలుచుటయే క్షేమము.

ఈ జాగ్రత్త యాటకు మాత్రమే కాదు. 2023 అక్టోబరు 29న విజయనగరము జిల్లా కంటకాపల్లి దగ్గఱ ఒక పాసింజరును వెనుకనుండి మఱొక పాసింజరు ఢీకొనఁగా పదిమందికి పైగా మరణించిరి. కవచ్ అను రక్షణయంత్రము ఆ మార్గమున నప్పటికి లేదు. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్టిగిడ్డ స్టేషనుల నడుమ దక్షిణ మధ్య రైల్వేవారు దానిని పరీక్షించినప్పుడు, ఎదురుగా నున్న యింజనుకు 380 మీటర్ల దూరముననే బండి తనంత తానాగినది. పట్టాలనడుమ నుంచిన గుర్తుబిళ్ళలు, రేడియో వార్తలు దానికి కన్నులు. మన బల్లమీఁది మూరెడు పట్టాకు అది పెద్దక్క వంటిది.

అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున 1946లో నేర్పడిన బొమ్మరైళ్ళ సంఘమునుండి గొప్ప ప్రోగ్రామరులు బయలుదేఱిరి. తీగలు కలుపుచున్న తమ్ముని ప్రక్కకు అక్క వచ్చినచో, “నీ కెందుకమ్మా యీ గొడవ?” యని వంటయింటికిఁ బంపకుఁడు. పెట్టెలు లెక్కించు నోర్పు ఆమెకును గలదు.

తల్లులకు రెండు హెచ్చరికలు. గోడయందలి 230 వోల్టుల విద్యుత్తును పిల్లలు ముట్టరాదు. అంగడిలో దొరకు మంచి యడాప్టరునే వాడవలెను. చిన్న యయస్కాంతములను పసివారి కందనీయరాదు; రెండు మ్రింగినచో ప్రేగులను పట్టి ప్రాణాపాయము గలిగించును. ఆట ముగిసిన వెంటనే వానిని లెక్కించి డబ్బాలో పెట్టించుఁడు.