లేబులు లేని మందు, నిదర్శనము లేని అనుమతి

ఔషధపు లేబులుమీద పేర్కొనబడని వ్యాధికి ఆ ఔషధమును వాడుట రోగిమీద ప్రయోగము చేయుటయే యనియు, అట్టి వాడుకకు ప్రజాధనమును గాని బీమా నిధులను గాని వెచ్చింపరాదనియు, అందును ఒకే రోగికి అట్టి మందులు రెండు మూడు కలిపి వ్రాసిన వైద్యుని ముందుగా సంజాయిషీ అడుగవలెననియు ఒక వాదము మన దేశమున కొన్ని ఏండ్లుగా ప్రబలుచున్నది. వినుటకిది మిక్కిలి వివేకవంతముగ నుండును. జాగ్రత్తను కోరువారిని కాదనుటకు ఎవరికి మాత్రము నోరు వచ్చును? కాని మల్టిపుల్ స్క్లెరోసిస్ వంటి దీర్ఘకాలిక నాడీవ్యాధుల విషయమున ఈ వాదము వివేకపు వేషము వేసికొన్న బద్ధకము. లేబులు చదువుట సులభము, పరిశోధనల ఫలితములు చదువుట కష్టము. సులభమైనదానిని చేసి కష్టమైనదానిని చేసినట్లు నటించుట మన ఆరోగ్య పరిపాలనకు అలవాటైపోయినది.

ఈ చర్చలో పాల్గొను పెద్దలెవ్వరును ఎత్తని లెక్క యొకటి కలదు. స్వీడను దేశమున 17 ఆస్పత్రులలో 200 మంది మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులను చేర్చుకొని, 24 నెలలు గమనించి, 2022లో లాన్సెట్ న్యూరాలజీ పత్రికలో ప్రకటించిన రిఫండ్ ఎం.ఎస్. అను పరీక్షలో, సగము మందికి డైమిథైల్ ఫ్యూమరేట్ మాత్రలను, తక్కిన సగము మందికి రిటుక్సిమాబ్ అను సూదిమందును ఇచ్చిరి. మొదటిది ఈ వ్యాధికే లేబులు పొందిన మందు. రెండవది లింఫోమా జాతి కాన్సరులకును కీళ్లవాతమునకును లేబులు కలిగి, ఈ వ్యాధికి మాత్రము లేనిది. రెండేండ్లు గడచుసరికి లేబులు గల మందు పుచ్చుకొన్నవారిలో 16 మందికి వ్యాధి తిరుగబెట్టినది. లేబులు లేని మందు పుచ్చుకొన్నవారిలో ముగ్గురికి. ఒక పక్క 16, ఒక పక్క 3. ఈ రెండంకెలను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని ప్రార్థన, ఏలయన ఆరోగ్య పథకముల అధికారులు వానిని జ్ఞాపకముంచుకొనిన జాడ ఎచ్చటను కానరాదు.

ఇంత నిదర్శనమున్న మందుకు లేబులేల రాలేదని అడుగువారుందురు. లేబులు ఆకాశమునుండి ఊడిపడునది కాదు. కంపెనీ దరఖాస్తు పెట్టినప్పుడు ప్రభుత్వము పరిశీలించి ఇచ్చునది. రిటుక్సిమాబు అమెరికాలో 1997లో లింఫోమాకు అనుమతి పొందినది. మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులు 104 మందిపై జరిగిన పరీక్ష 2008లో వెలువడినప్పుడే, 48 వారములలో వ్యాధి తిరుగబెట్టినవారు ఉత్తుత్తి మందు పక్షమున నూటికి 40 మందియు, ఈ మందు పక్షమున నూటికి 20 మందియు అని తేలినది. అటుపిమ్మట కంపెనీ ఆ మార్గమున ముందుకు నడువలేదు. పేటెంటు గడువు దగ్గరపడుచున్న పాత మందుకు కొత్త లేబులు సంపాదించిపెట్టి ఏ వ్యాపారి లాభపడును? అదే కణములను అదే గురుతు పట్టుకొని నశింపజేయు ఓక్రెలిజుమాబును తీర్చిదిద్ది, 2017 మార్చిలో దానికి అనుమతి పొంది, ఏడాదికి 65,000 డాలర్ల వెల పెట్టిరి. వ్యాపారధర్మమును బట్టి దీనిని తప్పుపట్టుటకు వీలులేదు. కాని వ్యాపారి అడుగలేదు కావున శాస్త్రము ఒప్పుకొనలేదనుట, రైతు పట్టాకు దరఖాస్తు పెట్టుకొనలేదు కావున ఆ పొలములో పంటయే పండలేదనుట వంటిది.

ఇందులో మన తెలుగువారు ప్రత్యేకముగ సిగ్గుపడవలసిన అంశమొకటి యున్నది. ఈ రిటుక్సిమాబునకు ప్రపంచములోనే మొట్టమొదటి సాటిమందును 2007లో విపణికి తెచ్చినది హైదరాబాదు నగరపు డాక్టర్ రెడ్డీస్ కంపెనీ. విదేశీ మందు వెలలో సుమారు సగమునకే అది లభించినది. తరువాత హెటిరోవారును తమ సాటిమందును తెచ్చిరి. స్వీడనులో చికిత్స పొందుచున్న మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులలో సగమునకు మించినవారు ఏ లేబులును అడ్డురాక ఈ మందునే పుచ్చుకొనుచుండగా, 2023 జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర ఔషధముల పట్టికలో ఈ వ్యాధికి తొలిసారిగా చోటు కల్పించి, చేర్చిన మూడు మందులలో దీని నొకటిగా, లేబులు లేదని తెలిసియే చేర్చగా, ఆ మందు తయారగు ఊరిలోని బల్లలయొద్ద కూర్చున్న అధికారులకు మాత్రమది ఇంకను నిరూపితము కాని వస్తువుగనే తోచుచున్నది.

ఇక మందులను కలుపుట సంగతి. పాత వరంగల్లు జిల్లాలోని మా రఘునాథపల్లి సికింద్రాబాదు, కాజీపేటల నడుమ రైలుదారిమీద నున్నది. నరముల జబ్బు వచ్చినవాడు ఇటు పోయిన వరంగల్లు ఎం.జి.ఎం. ఆస్పత్రి, అటు పోయిన హైదరాబాదు నిమ్సు. అటనుండి చీటీతో తిరిగివచ్చిన మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగి మందుల సంచిలో సాధారణముగ ఏమేముండును? కండరముల బిగువునకు బాక్లోఫెన్, నరముల మంటకు గాబాపెంటిన్ గాని అమిట్రిప్టిలిన్ గాని, నిస్త్రాణకు అమాంటడిన్, ఆరునెలల కొకసారి రిటుక్సిమాబ్. బాక్లోఫెన్ తప్ప ఇందులో ఏదియును ఈ రోగికై పుట్టినది కాదు. గాబాపెంటిన్ మూర్ఛకును, అమిట్రిప్టిలిన్ మనోవ్యాకులతకును, అమాంటడిన్ మొదట ఇన్‌ఫ్లుయెంజాకును తరువాత పార్కిన్సన్ వ్యాధికిని వచ్చినవి. నిమ్సు తలుపు దాటిన పెక్కుమంది నాడీరోగుల సంచులలో ఇట్టి కలయికయే కనబడును. లేబులు దాటనని ఒట్టుపెట్టుకొన్న నాడీవైద్యుడు మధ్యాహ్నమునకే దుకాణము కట్టుకొని ఇంటికి పోవలసినదే.

అట్లని లేబులు లేని ప్రతి మందును నెత్తికెత్తుకొనుమని నేననుట లేదు. పై సంచిలోని అమాంటడిన్ సంగతియే చూడుడు. దానిని, మోడఫినిల్‌ను, మిథైల్‌ఫెనిడేట్‌ను 141 మందిలో ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూచిన అమెరికా పరీక్ష 2021లో వెలువడినది: నిస్త్రాణను తగ్గించుటలో మూడింటిలో ఏదియును ఉత్తుత్తి మాత్రను మించలేదు, బాధలు మాత్రము ఎక్కువ పెట్టినవి. కావున వానిని సంచినుండి తీసివేయవచ్చును. కాని తీసివేయుటకు కారణము పరీక్షలో ఓడిపోవుట. లేబులు లేకపోవుట కాదు. ఒక పరీక్ష అమాంటడిన్‌ను పడగొట్టినది, ఒక పరీక్ష రిటుక్సిమాబ్‌ను నిలబెట్టినది. రెండింటిని ఒకే తాటికి కట్టి రెండును ఆఫ్‌లేబులే యని గోదాములోనికి నెట్టువాడు ఏ పరీక్షను చదివినట్లు?

లేబులు గల మందులను కలిపినచో క్షేమమన్న నమ్మకమైనను నిలుచునా? నటాలిజుమాబ్ 2004 నవంబరులో అమెరికాలో ఈ వ్యాధికే అనుమతి పొందినది. ఇంటర్‌ఫెరాన్ బీటా అంతకు ముందే పొందియున్నది. ఈ రెండు లేబులు గల మందులను కలిపి పుచ్చుకొన్న మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులలో ఇద్దరికి మెదడును తినివేయు అరుదైన వైరసు వ్యాధి బయటపడగా, 2005 ఫిబ్రవరిలో నటాలిజుమాబును విపణినుండి ఉపసంహరించుకొనిరి. కట్టుదిట్టములతో మరల అనుమతించినది 2006 జూన్‌లో. రెండు లేబులులును కలిసి ఆ ఇద్దరిని రక్షింపలేకపోయినవి.

మన దేశమునకే వత్తము. 2014లో కేంద్రప్రభుత్వము నియమించిన సంఘమొకటి, ఒకే మాత్రలో రెండు మూడు మందులు కూర్చి అమ్ముచున్న మిశ్రమములను వేల సంఖ్యలో పరిశీలించినది. దాని అధ్యక్షులు ఒకప్పుడు మన కాకతీయ విశ్వవిద్యాలయపు ఉపకులపతిగా నున్న ఆచార్య చంద్రకాంత కోకాటె. ఆ సంఘపు నివేదికను బట్టి 2016 మార్చి 10న 344 మిశ్రమములను నిషేధించిరి. ఢిల్లీ హైకోర్టు ఆ నిషేధమును కొట్టివేయగా, సుప్రీంకోర్టు ఆదేశముపై మరల విచారించి 2018 సెప్టెంబరులో 328 మిశ్రమములను నిషేధించిరి. 2024 ఆగస్టులో మరి 156. ఇవి చాటుమాటున అమ్మిన సరుకులా? కావు. వీనిలో పెక్కింటికి రాష్ట్ర ప్రభుత్వముల లైసెన్సులుండెను, అందమైన పెట్టెలుండెను, ఆ పెట్టెలమీద లేబులుండెను. లేనిదల్లా ఆ కలయిక మేలు చేయునన్న ఋజువు. ఫ్లూపెంటిక్సాల్, మెలిట్రాసెన్‌లను కలిపిన మాత్రనైతే, దానిని తయారుచేయు కంపెనీకి పుట్టినిల్లగు డెన్మార్కులోనే అమ్మకమునకు అనుమతి లేదని 2012లో పార్లమెంటు స్థాయీసంఘము వేలెత్తి చూపినది. 2008 జనవరి మొదలు 2010 అక్టోబరు వరకు భారతీయ రోగులపై పరీక్షలు లేకయే 31 కొత్త మందులకు అనుమతులిచ్చినారని చెప్పినదియు ఆ సంఘమే. ఇట్టి లేబులును పట్టుకొని, ఇది గీటురాయి, దీనికి లొంగని వైద్యము ప్రయోగము అని మనకు బోధించుచున్నారు!

పాఠకులు కొంచెము ఆగి ఆలోచింపవలెను. అనుమతి గల ఆ వందల మిశ్రమములలో ఎన్నింటికి ఇట్టి రెండంకెలను చూపగలరు? ఒక పక్క 16, ఒక పక్క 3 అని, పోటీమందుకు ఎదురుగా నిలబెట్టి, వందలాది రోగులలో, రెండేండ్లు లెక్కించి, పేరున్న పత్రికలో ప్రకటించిన ఫలితమును ఏ మిశ్రమము తేగలిగినది? మా మండలములో ఆర్.ఎం.పి. వైద్యుడు ఒళ్లు నొప్పులకు కట్టి యిచ్చు పొట్లములో స్టిరాయిడు మాత్ర, నొప్పి మాత్ర, ఆమ్లము తగ్గించు మాత్ర, బలపు మాత్ర కలిసియుండును. ఆ నాలుగింటికి లేబులులున్నవి. ఏ అధికారియు వానిపై సంజాయిషీ అడిగినట్లు వినలేదు.

ప్రతిపక్షమున చెప్పదగిన మాట లేకపోలేదు. రిటుక్సిమాబ్ శరీరరక్షణను సడలించును. అణగియున్న హెపటైటిస్ బి వైరసును రేపగలదు. ఏండ్ల తరబడి వాడినచో రక్తములో ఇమ్యునోగ్లోబులిన్లు తగ్గి అంటువ్యాధులు రావచ్చును. క్షయ వ్యాపించియున్న మన దేశమున ఈ భయము ఇంకొక మెట్టు ఎక్కువ. దానికి తోడుగ స్టిరాయిడు గాని అజథయోప్రిన్ గాని కలిపినచో ప్రమాదము కూడుచునే పోవును. కాబట్టి రక్తపరీక్షలు ముందు, సూది తరువాత, రోగికి వ్రాతపూర్వకముగ వివరము, ఆరునెలలకొక లెక్క. ఇవి యన్నియు అవసరమే. అయితే ఈ జాగ్రత్తలు లేబులు గల ఓక్రెలిజుమాబునకును అక్షరాల వర్తించును. ప్రమాదము మందులో నున్నది గాని ముద్రలో లేదు.

ఈ సందర్భమున బీమావారి నీతిని గూర్చి రెండు మాటలు. బీమా నియంత్రణ సంస్థ 2019లో, కొన్ని ఆధునిక చికిత్సలను పాలసీలనుండి పూర్తిగా మినహాయింపరాదని చెప్పుచు, మోనోక్లోనల్ ప్రతిరక్షకముల ఇంజక్షన్లను ఆ పట్టికలో చేర్చినది. రిటుక్సిమాబ్ అట్టి ఇంజక్షనే. కాని అదే సంస్థ రూపొందించిన మినహాయింపులలో నిరూపితము కాని చికిత్సలన్న నిబంధన యొకటి యున్నది. ఫలసిద్ధిని సమర్థించు వైద్య ఆధారములు తగినంత లేని చికిత్సయే అట్టిదని దానికి నిర్వచనము. నిర్వచనము బాగుగనే యున్నది. ఆధారమునే అడిగినది, లేబులును అడుగలేదు. మరి లేబులు లేదన్న ఒక్క మాటతో దరఖాస్తు త్రిప్పిపంపువారు ఆ నిర్వచనమును చదివిరా? 16 మందికి ఎదురుగా ముగ్గురు అన్నది ఆధారము కాకపోయిన, వారి శాఖలో ఆధారమనిపించుకొనగలది ఏది?

ప్రభుత్వపు సంగతి ఇంకను విడ్డూరము. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము దీర్ఘకాలిక నాడీవ్యాధుల శీర్షిక క్రింద మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను, పార్కిన్సన్ వ్యాధిని పేరుపెట్టి చెప్పినది. అనగా ఈ రోగి కాళ్లు పడిపోయిన పిమ్మట ధ్రువపత్రమిచ్చుటకు రాజ్యము సిద్ధము. పడిపోకుండ ఆపు మందును గూర్చి మాత్రము లేబులు వెదకును. తెలంగాణములో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షలనుండి 10 లక్షలకు పెంచిరి, సంతోషము. కాని ఆ పథకపు ప్రాణమంతయు ఆస్పత్రి మంచముతో ముడిపడియున్నది. జీవితాంతము ఇంటివద్ద మ్రింగు మాత్రలకు, ఆరునెలల కొకసారి పూటలో ముగియు సూదికి, దానికి ముందు తప్పనిసరియైన రక్తపరీక్షలకు ఆ మంచము నడిగిన ఏమి లాభము?

జపానువారేమి చేసిరో చూడుడు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు దగ్గరి చుట్టమగు న్యూరోమైలైటిస్ ఆప్టికా వ్యాధిలో ఇదే రిటుక్సిమాబును 38 మందిలో పరీక్షించి, 2020లో ఫలితము ప్రకటించిరి: ఉత్తుత్తి మందు పుచ్చుకొన్న 19 మందిలో ఏడుగురికి వ్యాధి తిరుగబెట్టగా, రిటుక్సిమాబ్ పుచ్చుకొన్న 19 మందిలో ఒక్కరికిని తిరుగబెట్టలేదు. రెండేండ్లలో, 2022లో, ఆ వ్యాధికి లేబులే వచ్చినది. మనదేశమున జరిగినదో? స్త్రీల సంతానలేమికి లెట్రోజోల్ వాడుటను 2011లో నిషేధించి, అది అంతవరకు వాడుకలోనున్న మందుకంటె మిన్న యని 2014లో అమెరికా పరీక్ష తేల్చిన పిమ్మట, 2017లో చడీచప్పుడు లేక ఆ నిషేధమును ఎత్తివేసికొంటిమి. ఆ ఆరేండ్లలో మందుకై తిరిగినవారి ఖర్చు ఎవరి ఖాతాలో వ్రాయవలెను?

కావున కోరునది విశేషమేమియు లేదు. దీర్ఘకాలిక నాడీవ్యాధులకు లేబులు లేకయే వాడుకలోనున్న మందులను, వాని కలయికలను, నిమ్సు, కాకతీయ వైద్యకళాశాలల నాడీవైద్యులు ఒక్కొక్కటిగా పరీక్షా ఫలితములతో సరిచూచి, నిలిచినవానిని ఆరోగ్యశ్రీ పట్టికలో పేరుతో వ్రాసి, ఓడినవానిని తీసివేసి, ఏటేట సవరింపవలెను. అంతవరకు ఏ అధికారియైనను, ఏ బీమా వైద్యుడైనను, మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగి దరఖాస్తుమీద నిరూపితము కాని చికిత్స యని వ్రాయదలచినచో, ఆ మాట క్రింద 16, 3 అను రెండంకెలను తన చేతితో వ్రాసి, వ్యాధి తిరుగబెట్టిన పదునారుగురు ఏ కారణముచేత ముగ్గురికంటె మేలైన ఫలితమో రెండు వాక్యములలో వివరించి, పూర్తి పేరుతో సంతకము చేసి రోగి చేతికి ఇయ్యవలెనని నిబంధన పెట్టుదురు గాక.